నాంచారమ్మ గేదె ఫోటో

కప్పు వచ్చినప్పటినుంచి జోజిబాబుకి గేదెల ఫోటోలంటే నామోషీగా ఉంది.

విజయవాడలో జరిగిన పోటీలో అతని ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. మిరపకాయల కల్లంలో కూర్చున్న ఒక ముసలావిడ ఫోటో అది. నలుపు తెలుపుల్లో మొహం నిండా ముడతలు, చెదిరిన జుట్టు, ఎడమకంటి కింద జారబోతూ ఒక్క కన్నీటి బొట్టు. దానికి 'ఎదురుచూపు' అని పేరు పెట్టాడు. ఆ బొట్టులో ఒక జీవితమంతా ఉందన్నారు పెద్దలు.

జోజిబాబు ఎనిమిదేళ్లుగా మస్తాన్ వలీ గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. నరసరావుపేటలో మస్తాన్ గారికి షాపు లేదు, బోర్డు లేదు. భుజాన సంచి, ఒక పాత స్కూటరు. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లడమే. ఒకరోజు పెళ్లి, మర్నాడు విత్తనాల కంపెనీ వాళ్ల పత్తిచేను, ఆ తర్వాత బడిలో పదో తరగతి గ్రూపు ఫోటో. మురిక్కాలవ ఫోటో తీయడానికైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లే మనిషి ఆయన. ఒకసారి రైసుమిల్లులో కొత్త యంత్రం ఫోటో తియ్యమన్నారు. ముందు దాన్ని నడిపే మనిషిని పిలిచి, "ఎటునుంచి చూస్తే బాగుంటుందయ్యా ఇది?" అని అడిగారు. అతను సిగ్గుపడుతూ చూపించిన చోటే నిలబడి తీశారు. మిల్లు యజమాని ఆ ఫోటోని చాలాకాలం గోడకి పెట్టుకున్నాడు.

ఆయన దగ్గర వెలుతురు చూడటం నేర్చుకున్నాడు జోజిబాబు. చెయ్యి వణక్కుండా ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాడు. మిగతావన్నీ ముసలాయన చాదస్తాలు అనుకున్నాడు.

ఆ ఉదయం ఆయన ఇంటికి వెళ్లింది, ఇక తాను రానని చెప్పడానికే.

"హైదరాబాదు వెళ్దామనుకుంటున్నా మాస్టారూ. ఇక్కడుంటే జీవితమంతా గేదెలూ గ్రూపు ఫోటోలూ. చెయ్యి మొద్దుబారిపోయేట్టుంది."

మస్తాన్ గారు లెన్సు తుడుచుకుంటున్నారు.

"వెళ్లు, మంచిదే. ఆ కప్పు వచ్చిన ఫోటో చూపించు, నేనింకా చూడలా."

జోజిబాబు సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు.

"వెలుతురు బాగా పట్టావు."

ఎనిమిదేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అది మూడోసారి. జోజిబాబుకి ఒళ్లు పులకరించింది.

"ఈమె పేరేంటి?"

"పేరా? తెలీదండీ. దారిన పోతూ తీశాను. కెమెరా చూసిందంటే సర్దుకుని కూర్చుంటుందని, చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి తీసేశా."

మస్తాన్ గారి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఎవరి ఫోటో తీసినా ముందు అందులో పేరు రాసుకోవాల్సిందే. ఎందుకండీ అని జోజిబాబు మొదట్లో ఒకసారి అడిగాడు. "మర్చిపోతాను జోజీ. మొహాలు నా దగ్గరే ఉంటాయి. పేర్లే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాయి" అన్నారు. ఈమధ్య ఆ పుస్తకం మొదటి పేజీలో తన ఇంటి ఫోను నంబరు కూడా రాసిపెట్టుకున్నారు. జోజిబాబు అది చూశాడు.

"ఏ ఊళ్లో తీశావు?"

"సత్తెనపల్లి దారిలో. కాలవ వంతెన దాటాక వస్తుందే, ఆ ఊళ్లో."

"ఇవాళ నాకు పని అక్కడే. పాలకేంద్రం వాళ్లు గేదెలకి బీమా కట్టిస్తున్నారు. పదకొండు గేదెలు. ఇదొక్కదానికి వచ్చి తర్వాత వెళ్లు. ఆ ఫోటో కూడా తీసుకురా, ఆమె కనబడితే ఇద్దువుగాని."

గేదెల బీమా ఫోటోకి ఒక పద్ధతి ఉంది. పశువుల డాక్టరు గేదె చెవికి ఒక పసుపుపచ్చ బిళ్ల కుడతాడు. ఆ బిళ్ల మీది నంబరు, గేదె మొహం, రెండూ ఒకే ఫోటోలో తేటగా కనబడాలి. నంబరు సరిగ్గా కనబడకపోతే రేపు గేదె పోయినా బీమా రాదు.

వానలు పడి ఊరంతా చిత్తడిగా ఉంది. ఆరు గేదెలు అయ్యేసరికి మధ్యాహ్నం కావచ్చింది. తానైతే ఈపాటికి పదకొండూ ముగించేవాణ్నని జోజిబాబు లోపల విసుక్కుంటున్నాడు.

ఏడో గేదెని ఒక ముసలావిడ పాకలోంచి తోలుకొచ్చింది. ఆవిణ్ని చూడగానే జోజిబాబు గుర్తుపట్టాడు. ఫోటోలో ఉన్నది ఆవిడే.

"పేరేంటమ్మా?" మస్తాన్ గారు నోటుబుక్కు తీశారు.

"నాంచారమ్మ."

"గేదె పేరు?"

"సుందరి అంటా. పొడుస్తది, జాగ్రత్త."

రెండు పేర్లూ రాసుకున్నారు. సుందరి మొహమంతా బురద. కొమ్ముల దాకా పేడ.

"కాసిని నీళ్లిస్తావా నాంచారమ్మా?"

"ఎట్టా ఉన్నదట్టా తీసెయ్యి మస్తానన్నా. గేదేగా."

"గేదె అయితే? పదిమంది చూసే ఫోటో."

ఆవిడ తొట్టిలోంచి బిందెడు నీళ్లు తెచ్చింది. మస్తాన్ గారు చొక్కా చేతులు మడిచారు. తడిగుడ్డతో సుందరి కళ్ల చుట్టూ, ముట్టె మీద, చెవుల వెనకా తుడిచారు. బిళ్ల మీద ఎండిన బురదని గోటితో గీకారు. సుందరి ఒక్కసారి తల విదిలించింది. ఇస్త్రీ చొక్కా కాస్తా పాడైపోయింది. ఆయన నవ్వి, దాని మెడ నిమురుతూ నిలబడ్డారు.

"నీకు ఇష్టమైనప్పుడే తిరుగు తల్లీ. నాకేం తొందర లేదు."

పావుగంట గడిచింది. జోజిబాబు విసుగు ఎప్పుడు పోయిందో అతనికే తెలీదు. తెల్లగడ్డం మనిషి బురదలో కాళ్లు దిగబడి, ఒక గేదె మనసు పడేదాకా అలా నిలబడి ఉండటం చూస్తూ ఉండిపోయాడు. చివరికి సుందరి తనంతట తానే చెవి వెలుతురులోకి తిప్పింది. ఆయన ఒక్కటంటే ఒక్కటే తీశారు.

కెమెరాలో చూపిస్తే నాంచారమ్మ కళ్లు చికిలించి చూసింది.

"ఒసే సుందరీ, పెళ్లికూతురిలా ఉన్నావే."

మస్తాన్ గారు జోజిబాబు వైపు తిరిగారు. "నువ్వేదో ఇద్దామని తెచ్చావుగా."

జోజిబాబు ఫోటో ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది.

"ఎవరీ ముసిల్ది?"

ఆవిడ ఫోటోలో మొహం మీద వేలు పెట్టింది.

"ముక్కుపుడక నాదిలాగే ఉందే." ఇంకొంచెం చూసింది. "నేనే. ఎప్పుడు తీశావయ్యా?"

"ఎండాకాలంలో అమ్మా. కల్లంలో."

"ఏడుస్తున్నానేంది ఇందులో?"

"అది... ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు..."

"ఎవరి కోసం చూస్తానయ్యా? మిరపకాయల్లో తాలుకాయలు ఏరి పారేస్తున్నా. ఘాటుకి కళ్లెమ్మట నీళ్లు కారతన్నాయి. వచ్చి కూర్చో, నీకూ కారతాయి."

పక్కింటి గోడ అవతల ఎవరో నవ్వారు. జోజిబాబుకి చెవులు వేడెక్కాయి.

"దీనికి బహుమతి వచ్చిందమ్మా. విజయవాడలో గోడకి పెట్టారు. చాలామంది చూశారు."

నాంచారమ్మ చెయ్యి తలమీదికి పోయింది. చెదిరిన జుట్టుని వెనక్కి తోసుకుంది.

"ఇట్టాగే చూశారా?"

"ఆఁ."

ఆవిడ కోప్పడలేదు. ఫోటో తిరిగి అతని చేతికిచ్చింది.

"గేదెకి మొహం కడిగి తీశాడయ్యా మీ మాస్టారు. నన్ను కడుక్కుని రమ్మంటే రానా?"

జోజిబాబు మస్తాన్ గారి వైపు చూశాడు. ఆయన నోటుబుక్కులో బిళ్ల నంబరు రాసుకుంటున్నారు. ఒక్కో అంకె రాసి, మళ్లీ సుందరి చెవి వైపు చూసి సరిచూసుకుంటున్నారు.

జోజిబాబు ఆవిడ వైపు తిరిగాడు. "ఇప్పుడు కడుక్కుని రామ్మా. ఉంటాను."

"నేను తెమలాలంటే చాలా సేపవుద్ది. పెట్టెలో చీర తియ్యాలి. తల దువ్వాలి."

"ఉంటాను."

ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "సుందరి పక్కన నిలబెడితే మాత్రం ఊరుకోను. దానిముందు నేనేం ఆనతాను?"

మస్తాన్ గారు సంచి భుజాన వేసుకున్నారు.

"ఇంకా నాలుగున్నాయి. నేను చూసుకొస్తా." నాలుగడుగులు వేసి ఆగారు. "జోజీ, పేరు రాసుకున్నావా?"

జోజిబాబు జేబులు తడుముకున్నాడు. కలం ఉంది, కాగితం లేదు. చేతిలో ఉన్న ఫోటోని వెనక్కి తిప్పాడు. అక్కడ అందమైన అక్షరాలతో 'ఎదురుచూపు' అని ఉంది. దాన్ని కొట్టేసి, కింద 'నాంచారమ్మ' అని రాశాడు.

తర్వాత అరుగు మీద కూర్చుని, కెమెరాని ఒళ్లో పెట్టుకున్నాడు. లోపల పెట్టె మూత తెరిచిన చప్పుడైంది.