నక్కలమడుగు జిల్లా ఎవరిది?

నల్లకొండ అడవిలో నక్కలమడుగు అని ఓ పెద్ద నీటిపట్టు ఉంది. ఎండలు ముదిరాయంటే చుట్టూ ఉన్న పదిహేను గుట్టల జంతువులకూ అదే దిక్కు. ఆ మడుగులో కూర్మమ్మ అనే ముసలి తాబేలు కాపురం. ఆవిడ మూడు ఏలుబడులు చూసింది. ఏనుగుల కాలంలో నక్కలమడుగు తూర్పు తాలూకాలో ఒక చిన్న ఫిర్కా. తరవాత పులులొచ్చి ఆ తాలూకాను ఎత్తేసి, మడుగును పులిగుట్ట తాలూకాలో కలిపేశాయి. అప్పట్నుంచీ ఏ గోడు చెప్పుకోవాలన్నా రెండు లోయలు దాటి పులిగుట్టకు పోవాల్సిందే. సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడన్నట్టు ఊరికే తిరిగొచ్చినవాళ్లే అదృష్టవంతులు. లేళ్లలో సగం తిరిగే రాలేదు.

అందుకే కొత్తగా రాజైన సింహం, "నక్కలమడుగునే జిల్లా చేస్తున్నాను" అని చాటించగానే అందరూ సంబరపడ్డారు.

వారం తిరక్కుండానే నక్క జంబులింగం కొలువుకెళ్లింది.

"ప్రభూ, పేరులోనే ఉంది కదా! అది మా తాతముత్తాతల మడుగు. గట్టూ మాదే, జిల్లా పెత్తనమూ మాదే కావాలి."

రాజు ఈ అడవిలో పెరిగినవాడు కాదు. పేరు చూస్తే నక్క మాట నిజమే అనిపించింది. "ఎల్లుండి పొద్దున మడుగు దగ్గరే విచారిస్తాను. అడ్డు చెప్పేవాళ్లు లేకపోతే నీదే" అన్నాడు.

ఆ కబురు మోసుకుని లేడి చుక్కమ్మ గసపెడుతూ వచ్చింది.

"అవ్వా, ఇక నక్కలు తాగాకే మేం తాగాలట. తలొంచి నీళ్లు తాగేటప్పుడు వెనక నక్క నిలబడితే గుటక దిగుతుందా? అసలు సంగతి నీకు తెలుసు. చెప్పవేం?"

"నాది ఒక్క నోరు, వాడివి ముప్పై నోళ్లు. నేను చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు. వాడి నోటితోనే చెప్పించాలి" అంది కూర్మమ్మ. అంది గానీ లోపల బెరుగ్గానే ఉంది. అసలు సంగతిలో రాజుగారి తాత ముచ్చట కూడా ఉంది మరి. అది విని రాజు నవ్వుతాడో, పంజా విసురుతాడో!

ఆ రోజు రానే వచ్చింది. జంబులింగం బంధుబలగంతో గట్టంతా నిండిపోయింది. కూర్మమ్మ మెల్లగా ఒడ్డెక్కింది.

"జంబులింగం నాయనా, ఏనుగుల ఏలుబడి మొదట్లో అడవంతా కాలిన ఆ పెద్ద కార్చిచ్చు ఏడాది మీవాళ్లు ఇక్కడే ఉన్నారా?"

"ఉండకేం పెద్దమ్మా! ఏనుగుల ఏలుబడికి ముందు నుంచీ ఇక్కడే. ఒక్క పూటైనా గట్టు విడిచింది లేదు."

కూర్మమ్మ రాజు వైపు తిరిగింది. "రాజా, ఆ ఏడాది మీ తాతగారు జూలంటుకుని ఇక్కడికే పరుగెత్తుకొచ్చారు. మీ ఇంట్లో చెప్పుకునే ఉంటారు."

"విన్నాను. చచ్చేదాకా ఆయన మెడమీద వెంట్రుక మొలవలేదు."

"నేను కళ్లారా చూశాను. గట్టుమీద 'రండి' అన్న దిక్కు లేదు. ఇక్కడ ఇల్లుగలవాళ్లే లేరు కదా అనుకున్నాను ఇన్నాళ్లూ. ఉన్నారని ఈరోజే తెలిసింది."

సింహం తోక నేలను కొట్టింది. "ఏం జంబులింగం? మా తాత కాలుతుంటే మీవాళ్లు చూస్తూ కూర్చున్నారా?"

నక్కకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. "అయ్యో ప్రభూ! మావాళ్లు అప్పుడు ఎర్రలోయలో ఉండేవాళ్లు. పులులు తాలూకా మార్చాకే ఇటు వలసొచ్చాం. నా పిల్లల మీద ఒట్టు!"

"అంతకు ముందే కదా ఏనుగులు దీన్ని నక్కలమడుగు ఫిర్కా అన్నది? లేని నక్కల పేరు ఎలా పెట్టారు నాయనా?" అంది కూర్మమ్మ.

ముప్పై తోకలూ కాళ్ల మధ్యకు దూరాయి.

"మరి ఈ పేరెక్కడిదవ్వా?" అన్నాడు రాజు.

కూర్మమ్మ తల కాస్త డిప్పలోకి లాక్కుని, మళ్లీ బయట పెట్టింది. "నక్క కాదు రాజా, నక్కడం. మూడు రోజులు అడవి కాలింది. దుప్పులూ లేళ్లూ కుందేళ్లూ ముక్కులు మాత్రం పైకి పెట్టి ఈ నీళ్లలో నక్కి బతికాయి. నక్కినమడుగు అన్నారు. అనగా అనగా నక్కలమడుగైంది."

"మా తాత?"

"ఆయనా నక్కారు. అటొక లేడి, ఇటొక కుందేలు. మూడు రోజులూ ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు."

రాజు లేచి నీళ్ల అంచుదాకా నడిచాడు.

"జిల్లా పేరు నక్కినమడుగు. గట్టు అందరిదీ. ఈ గట్టుమీద వేట లేదు, నాకైనా సరే" అని, నక్క వైపు తిరిగాడు. "ఆఖర్న వలసొచ్చింది మీరే కదా, ఆఖర్నే తాగండి."

ఆ మధ్యాహ్నం కుందేళ్ల వరసకు వెనకాల, నాలుక వేలాడేసుకుని, జంబులింగం తన వంతు కోసం నిలబడింది.

నీతి: పేరు చూపించి ఊరడిగేవాణ్ని, ఆ పేరు పుట్టిన రోజు నువ్వెక్కడున్నావని అడగాలి.