ఉమ్మేసిన మాత్ర

జీడితోటల్లో ఎండలు ముదిరాయంటే ముందు ఎండిపోయేది చెరువు కాదు, నక్క కడుపు. పీతలు బురద అడుక్కి దిగిపోయాయి. ఎలకలు కలుగులు మార్చేశాయి. పైగా నక్క గవరయ్య పెళ్ళాం నిండు చూలాలు.

"కోడి తెస్తేనే ఇంటికి రా. నీతులు పట్టుకొచ్చావంటే అక్కడే ఉండిపో," అని చెప్పి పంపింది. మొన్న ఉత్త నోటితో వచ్చి, అత్యాశ పనికిరాదే అని బోధించాడు మరి.

దగ్గర్లో కోళ్ళున్నది సన్యాసమ్మ పెరట్లోనే. గూటి ముందు బంటు అనే ముసలి కుక్క కాపలా. పోయిన వేసవిలో వాడి వెనక కాలు పట్టేసినప్పుడు గవరయ్య ఇల్లు రోజూ పండగలా ఉండేది. ఆ తర్వాత పశువుల డాక్టరు వచ్చి కీళ్ళ నొప్పికి మాత్రలిచ్చి, పండగంతా పాడుచేశాడు.

"రోజూ తిండితో పాటు వెయ్యమ్మా. మానేశావంటే మళ్ళీ చతికిలబడిపోతాడు," అన్నాడు డాక్టరు. కంచె అవతల పొదలో ఉన్న గవరయ్య ఆ మాట సన్యాసమ్మ కంటే శ్రద్ధగా విన్నాడు.

సన్యాసమ్మ మాత్రని ఇడ్లీ ముక్కలో దూర్చి, పైన నెయ్యి రాసి పెడుతుంది. బంటు నమలడు. వాడి నోటికీ కడుపుకీ మధ్య ఆలోచన పట్టేంత చోటు లేదు.

ఓ పొద్దున్నే గవరయ్య కంచె దగ్గర చేరాడు.

"ఏటి బావా, మాత్రలు మింగుతున్నావంట?"

"అమ్మ పెడతాది, తింటాను."

"తిను, కాదన్నదెవరు? ఊళ్ళో కుక్కలు నవ్వుకుంటన్నాయి గాని. పులిలాంటి బంటు రోగిష్టోడైపోయాడంట. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోయింది."

కడుపు సంగతి మాత్రం నిజమే. బంటు చెవులు వాలిపోయాయి.

"మరేటి చెయ్యమంటావు బావా?"

"ఇడ్లీ తిను. మందు బుగ్గన పెట్టుకుని, ఆవిడ అటు తిరగ్గానే ఉమ్మీ. ఊళ్ళో పరువు దక్కుతాది."

ఇదంతా వంటింటి చూరు మీద నుంచి మంగ అనే పిల్లి విన్నది. మందు తప్పించుకోవడంలో మంగది అందెవేసిన చెయ్యి. ఆమెకు నులిపురుగుల మందు పట్టాలంటే సన్యాసమ్మ ముందు తువ్వాలు తెచ్చుకోవాలి, తర్వాత తన చేతులకి పసుపు రాసుకోవాలి. మంగని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళాగి గవరయ్యే అడిగాడు.

"మంగప్పా, బంటు మాత్ర ఉమ్మీస్తన్నాడా?"

"ఉమ్మీస్తన్నాడు."

"నీ కళ్ళతో చూసావా?"

"రోజూ చూస్తన్నాను. ఇడ్లీ లోపలికి, మాత్ర బయటికి."

"పడుకున్న చోటు నుంచి లేస్తన్నాడా?"

"ఈ ఎండలో ఎవరు లేస్తారు?"

ఆకలి రుచెరగదంటారు. గవరయ్య ఆకలి అనుమానం కూడా ఎరగలేదు. కావలసిన జవాబు దొరికింది, ఇంటి దారి పట్టాడు.

సంతరోజు మధ్యాహ్నం సన్యాసమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరింది. గవరయ్య కంచె కింద నుంచి దూరి, పెరడంతా తనదే అన్నట్టు తాపీగా నడిచాడు. కాలు పడిపోయిన కుక్క ముందు పరిగెత్తడం దండగని వాడి లెక్క.

"పడుకో బావా, లేవకు," అని మర్యాద కూడా చేసి, బలిసిన ఎర్ర పెట్టని నోట కరుచుకున్నాడు.

బంటు లేచాడు. లేవడమే కాదు, కుడితి తొట్టి మీద నుంచి దూకాడు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. బంటు తోకతో సరిపెట్టుకోలేదు, కంచె దగ్గర వెనక కాలే దొరకబుచ్చుకున్నాడు. గవరయ్య కెవ్వుమనేసరికి నోట్లోని పెట్ట జారి, నాలుగు ఈకలు వదిలేసి గూట్లో దూరింది. అప్పుడు బంటు కాలు వదిలాడు.

"ఏమీ అనుకోకు బావా. నువ్వు బావవే గాని, కోడి అమ్మది. ఏ మాటకా మాటే చెప్పాలి, నువ్వు చెప్పినట్టు మందు మానీసిన కాడి నుంచి కాలు భలే తేలిగ్గా ఉంది."

గవరయ్యకు నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. "నిజంగా మానీసావా?"

"మానీసాను. రోజూ ఉమ్మీసాను."

"ఉమ్మిన మాత్ర ఏటైంది?"

"తినీసాను."

"తినీసావా!"

"అమ్మ చేత్తో పెడితే మందు. నేల మీద దొరికింది మందెలాగవుతాది? తిండి కదా. నెయ్యి కూడా అంటుకునుంది."

గవరయ్య చూరు మీదున్న మంగ కేసి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పా, చెప్పావు కాదేటి?"

"ఉమ్మీస్తన్నాడా అన్నావు, ఉమ్మీస్తన్నాడన్నాను. ఉమ్మీసాక ఏటి చేస్తన్నాడని అడిగావేటి?" అని మంగ పంజా నాకుకోవడంలో పడింది.

గవరయ్య కాలీడ్చుకుంటూ కంచె దాటుతుంటే బంటుకు జాలేసింది.

"నీ కాలూ పట్టేసినట్టుంది బావా. రేపు నీకోసం ఓ మాత్ర ఉమ్మి ఉంచుతాను," అన్నాడు. కాసేపు ఆలోచించి, "తొందరగా రా మరి. నేల మీదుంటే నా మీద నాకే నమ్మకం లేదు," అని కలిపాడు.

బొరియ ముందు పెళ్ళాం కాసుకుని కూర్చుంది. ఖాళీ నోరు చూసింది, కుంటి కాలు చూసింది.

"ఏటి తెచ్చావు?" అంది.

గవరయ్య తెచ్చింది మళ్ళీ ఒక నీతే: అడిగిన ప్రశ్నకు ఎంత నిజమైన జవాబొచ్చినా, కరిచేది అడగని ప్రశ్నే.