నూటొకటో గడ్డం

గవరయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "కుర్చీ దులుపు" అంటారు. కుర్చీ దులిపాక అందులో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. జవాబు ఆ కూర్చున్నవాడి దగ్గరే ఉంటుందని, వెతుక్కోవడం అడిగినవాడి పని అని ఆయన నమ్మకం. విజయనగరంలో ఆయన నడిపే సెలూన్ శిక్షణ కేంద్రంలో ఆరు నెలలు చదివిన ప్రతివాడూ ఒక్కసారైనా ఆ కుర్చీ దులిపినవాడే.

అక్కడ ఇంకో నియమం ఉంది. గడ్డం గీసే కత్తిని ముందు మనిషి మీద పెట్టకూడదు, బెలూను మీద పెట్టాలి. బెలూను ఊది, నురుగు పూసి, ఆ నురుగంతా కత్తితో తీయాలి. చెయ్యి వెంట్రుకవాసి బరువెక్కిందా, ఠప్‌మంటుంది. మొహం నిండా నురుగు, గది నిండా నవ్వు. పగలకుండా వంద గీసినవాడికి గాని మనిషి మీద చెయ్యి వేసే అర్హత లేదు. కొందరు నలభై దగ్గరే విసిగిపోయి హెయిర్ కలర్ కోర్సులోకి మారిపోయేవారు.

హేమసుందర్ మారలేదు. ఇంజనీరింగ్ రెండేళ్ళు చదివి, సబ్జెక్టులన్నీ అక్కడే మిగిల్చి బయటపడ్డవాడు. చుట్టాలు అతనికి పెట్టిన పేర్లు రాయదగినవి కావు. అలాంటివాడికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక పని చేతికి అమిరింది. కత్తి పట్టుకుంటే అతని వేళ్ళకు ఎక్కడలేని నెమ్మది వచ్చేది. తనకూ ఒకటి వచ్చునన్న సంతోషం ఎలా ఉంటుందో అది లేక అల్లాడినవాడికే తెలుస్తుంది.

వందో బెలూను గీసిన ఉదయం పదకొండుమంది విద్యార్థులూ అతని చుట్టూ మూగారు. లెక్క పట్టే ఝాన్సీ "తొంభై తొమ్మిది" అని ఊపిరి బిగబట్టింది. హేమసుందర్ చివరి నురుగు చార తీసి కత్తి పైకెత్తగానే "వంద!" అని ఆ పిల్ల వేసిన కేకకు వీధిలో పోతున్న ఆటో ఆగింది. ఎవరో బెలూన్ని గాల్లోకి ఎగరేశారు. ఎవరో హేమసుందర్నే ఎగరెయ్యబోయారు గాని చేతిలో కత్తి చూసి వెనక్కి తగ్గారు.

అతని కాళ్ళు నేల మీద ఆనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. విశాఖలో కొత్తగా తెరుస్తున్న పెద్ద సెలూన్‌వాళ్ళు అతనికి ఒక కుర్చీ అట్టేపెట్టారు. మర్నాడు పొద్దున పదింటికల్లా మాస్టారి సంతకం ఉన్న సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరిది.

అందుకని నురుగు చేతులతోనే మాస్టారి బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

"మాస్టారూ, వంద పూర్తయ్యాయండీ. ఒక్కటీ పగల్లేదు. ఇంక నాకు రానిదేముందండీ?"

చూడటానికి అది ప్రశ్నే గాని నిజానికి సంతకం పెట్టమనడం. మాస్టారు మాత్రం ప్రశ్నగానే తీసుకున్నారు.

"కుర్చీ దులుపు," అన్నారు. "ఒక్క గడ్డం గీయి. నెత్తురు చుక్క కనబడకపోతే సంతకం పెడతాను. కనబడిందా, వచ్చే బ్యాచితో మళ్ళీ బెలూన్లు ఊదుకో."

హేమసుందర్ నవ్వాడు. వంద గీసినవాడికి ఒకటి నల్లేరు మీద బండి నడక కదా. ఈలోగా మాస్టారు బయట బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫలానా అని చెప్పలేదు. పేపరు విప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు.

ముసలాయనకి నోట్లో ఒక్క పన్ను లేదు. రెండు బుగ్గలూ లోపలికి పోయి, ఒక్కోదాన్లో ఒక నిమ్మకాయ దాచవచ్చు. వారం రోజుల తెల్లటి గడ్డం ఆ గుంటల్లో ముళ్ళలా నిలబడి ఉంది. అది చూడగానే హేమసుందర్ నవ్వు ఆగిపోయింది. బెలూనుకి ఎక్కడా గుంట ఉండదు.

మెడ చుట్టూ గుడ్డ కట్టి, నురుగు పూసి, దవడ ఎముక దాకా బాగానే గీశాడు. గుంట దగ్గర కత్తి నిలిచిపోయింది. ఎడంచేత్తో చర్మం సాగదీస్తే ఒక మడత పోయి రెండు మడతలు లేచాయి. పైగా గుడ్డ కింద ముసలాయన చేతులు ఊరుకోవడం లేదు.

"కదలకండి తాతా."

చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి.

"తాతా, కదలొద్దన్నానా! బుగ్గలు పూరించండి."

"పూరించమంటే ఏటి బాబూ, పళ్ళుంటే కదా గాలాగడానికి," అంటూనే ఆయన పూరించాడు. రెండు క్షణాలైనా కాకుండానే ఫుస్సుమంది. నురుగు హేమసుందర్ కళ్ళజోడు మీద పడింది. పదకొండుమందీ ఘొల్లుమన్నారు. ముసలాయన కూడా నవ్వాడు. మళ్ళీ పూరించమంటే నవ్వు ముంచుకొచ్చి ఇంకా ముందే ఫుస్సుమంది.

మూడోసారికి ఎవరూ నవ్వలేదు. హేమసుందర్ కత్తి గుంట దాకా తెచ్చి వెనక్కి తీశాడు. ఆ మడతల మీద కత్తి దింపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. విశాఖ కుర్చీ, చుట్టాల మాటలు, ఆరు నెలల బెలూన్లు అన్నీ ఇప్పుడు ఆ గుంట మీదే ఆధారపడ్డాయి. ఏడుపు వచ్చినంత పనైంది. గుడ్డ కింద ఆ చేతులు మళ్ళీ కదిలాయి.

ఈసారి కసరబోయి, ఎందుకో ఆగి చూశాడు. కదులుతున్నవి చేతులు కావు, వేళ్ళు. ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి, పడుతున్నాయి. తడబాటు లేదు, వాటికో వరస ఉంది. కత్తి పక్కన పెట్టి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తాతా, మీ పేరేమిటండీ? ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయండీ?"

ముసలాయన సిగ్గుపడ్డాడు. "పైడన్న అంటారు బాబూ. నలభై ఏళ్ళు సన్నాయి ఊదినాను. ఇప్పుడు ఊదడం మానీసినాను గానీ ఈ వేళ్ళు మాట ఇనవు. ఖాళీగా కూకుంటే ఎవలిదో పెళ్ళి చేసీస్తుంటాయి."

"ఇప్పుడు ఎవరి పెళ్ళండీ?"

"సెట్టిగారి రెండో అమ్మాయిది. రాగం ఆనందభైరవి. తాళి ఇంకా కట్టనేదు."

హేమసుందర్ కళ్ళు మెరిశాయి. సన్నాయి ఊదేవాళ్ళు బుగ్గల్లో గాలి నిలవ పెట్టుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటారని ఎక్కడో విన్నాడు. గభాల్న లేచాడు.

"అయితే కట్టించెయ్యండి తాతా! సన్నాయి నోట్లో ఉందనుకోండి. పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు. ఊఁ, ఊదండి!"

పైడన్న వెన్ను నిటారుగా అయింది. పెదవులు బిగుసుకున్నాయి. గొంతులో ఎక్కడో రాగం మొదలైంది, దానితో పాటు రెండు బుగ్గలూ లేచాయి. గుండ్రంగా, నున్నగా, బిగుతుగా లేచి అలాగే నిలిచిపోయాయి. ముక్కు ఊపిరి తీస్తోంది, వేళ్ళు పరుగెడుతున్నాయి, బుగ్గ మాత్రం చెక్కుచెదరలేదు. వంద బెలూన్లలో అంత అందమైన బెలూను అతనికి ఒక్కటీ తగల్లేదు.

ఇక చూడాలి! రాగం సాగుతుంటే కత్తి సాగింది. రాగం మలుపు తిరిగితే అతను కత్తి ఎత్తి ఆగాడు, అందుకోగానే మళ్ళీ దించాడు. విద్యార్థుల్లో ఎవడో బల్ల మీద డోలు దరువు వేశాడు. ఝాన్సీ దువ్వెనలు రెండు కలిపి తాళం మొదలుపెట్టింది. కుడి బుగ్గ అయింది, ఎడమ బుగ్గ అయింది, గడ్డం కింద చివరి చార తీసేసరికి గది గదంతా "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరుస్తోంది. నురుగు తుడిచి చూస్తే పైడన్న మొహం పెళ్ళికొడుకులా ఉంది. ఎక్కడా నెత్తురు చుక్క లేదు.

"కట్టీసినాడు," అన్నాడు పైడన్న, కళ్ళు తుడుచుకుంటూ. "పదేళ్ళయింది బాబూ, ఇంత బాగా ఊది."

మాస్టారు పేపరు మడిచి సర్టిఫికెట్ తీశారు. సంతకం పెట్టారు. 'గీసిన గడ్డాలు' అన్న గడిలో ఒక అంకె వేసి చేతికిచ్చారు. హేమసుందర్ చదివి తెల్లబోయాడు.

"మాస్టారూ, ఒకటి అని వేశారండీ! మరి ఆ వంద?"

మాస్టారు కలం మూత పెట్టుకున్నారు.

"వాటిలో ఒక్కదాన్నైనా పేరడిగావా నాయనా?"