రాజుగారు పంచిన బెల్లం

ఉప్పుటేటి ఒడ్డున సిరివరమనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని చండభానుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గాని, పొగడ్తలంటే చెవి కోసుకునేవాడు.

ఆ రాజ్యంలో ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలిగితే అన్నింటికీ పన్ను కట్టాలి. ఒక ఏడు రాజుగారికి బుద్ధి పుట్టి, పొయ్యి పన్ను రద్దు చేస్తున్నానని వీధివీధినా దండోరా వేయించాడు. జనం సంబరపడ్డారు. పన్ను తగ్గించడం మంచి పనే, కాదనేదెవరు? అయితే రాబడి తగ్గించుకున్నవాడు ఖర్చు కూడా తగ్గించుకోవాలి కదా. ఆ పని మాత్రం రాజుగారు చేయలేదు. కోటలో పన్నీటి జల్లులు ఆగలేదు, ఏనుగు అంబారీలకు బంగారు పూత ఆగలేదు, తనను పొగిడిన పండితులకు శాలువలూ ఆగలేదు.

ఖజానాకు పడ్డ బొక్క పూడ్చడానికి రేవులో ఉన్న నాగదత్తుడనే వర్తకుడి దగ్గర అప్పు తెచ్చాడు. అప్పు తీరేదాకా ఉప్పు మడులన్నీ నాగదత్తుడి చేతిలో ఉంటాయి, ధర అతని ఇష్టం. అదీ ఒప్పందం.

ఇంకేముంది, ఉప్పు ధర కొండెక్కి కూర్చుంది. ఉప్పు లేకుండా ఏ ఇంట్లో పూట గడుస్తుంది చెప్పండి? దాని వెంట ఊరగాయ ధర పెరిగింది, ఎండు చేపల ధర పెరిగింది, పూటకూళ్ళ ఇంట్లో భోజనం ధర పెరిగింది. కోట గుమ్మం ఎదుట అట్లు పోసి అమ్ముకునే పోలమ్మ, చేటంత అట్టు పోసేది కాస్తా అరచేతంత పోయడం మొదలుపెట్టింది. పొయ్యి పన్ను పోయింది గాని పొయ్యి మీద పెట్టడానికి ఏమీ మిగలడం లేదని జనం వాపోయారు.

ఆ మాట చెవిన పడగానే రాజుగారు, పన్ను తీసేసినా ఏడుపేనా అని సభలో మండిపడ్డాడు. జనానికి పొదుపు తెలియదని మహామంత్రి సోమయాజి తేల్చాడు. పండితులంతా తలలూపారు. ఈసారి సంత పన్ను కూడా తీసేసి, నాగదత్తుడి దగ్గర మరో అప్పు తెస్తే అందరి నోళ్ళూ మూతపడతాయని మంత్రి సలహా చెప్పాడు. తాకట్టుగా పెద్ద కాలువ తూములు ఇస్తే సరిపోతుందన్నాడు.

సభలో కొమ్మన అనే విదూషకుడు ఉన్నాడు. తూముల మాట వినగానే అతను లేచి నిలబడ్డాడు. ఊళ్ళో అప్పుడే నారుమళ్ళు పోసి ఉన్నారు. తూములు నాగదత్తుడి చేతికి పోతే, కొనుక్కుంటేనే చేలకు నీళ్ళు. ధరలు పెరిగింది ఉప్పు తాకట్టు వల్లేనని అతను చెప్పబోయాడు. రాజుగారు మధ్యలోనే అడ్డుకుని, నిన్ను పెట్టుకున్నది నవ్వించడానికి, వాదించడానికి మంత్రులున్నారని కసిరాడు.

పత్రం సిద్ధమైంది. పుట్టినరోజు తులాభారం కాగానే ముద్ర వేస్తానని రాజుగారు సెలవిచ్చాడు.

తులాభారమంటే అక్కడ తరతరాల ఆచారం. రాజును బెల్లంతో తూచి, ఆ బెల్లాన్ని రాజు తన చేత్తో ఊరంతటికీ పంచాలి. ఈ ఏడు రాజుగారు బాగా ఒళ్ళు చేశాడు. ఖజానా చూస్తే ఖాళీ. బెల్లానికి కూడా నాగదత్తుడినే అడగాలా అని మంత్రి నీళ్ళు నములుతుంటే కొమ్మన ముందుకొచ్చాడు.

"ఖజానా నుంచి కాసు తీయకుండా బెల్లం నేను తెస్తాను ప్రభూ. పంచడం అయ్యేదాకా ఎక్కడిదని మాత్రం అడగకూడదు."

రాజుగారు పొంగిపోయి సరేనన్నాడు.

పండగ రోజు కోట ముంగిట పెద్ద త్రాసు కట్టారు. రాజుగారు ఒక తట్టలో కూర్చున్నాడు. రెండో తట్టలో ఆకుల్లో చుట్టిన బెల్లం అచ్చులు పేర్చారు. తట్టలు సమానం కాగానే పండితులు పద్యాలందుకున్నారు. ఆచారం ప్రకారం రాజుగారు తట్టలోంచి దిగకుండానే, కొమ్మన ఏరి అందిస్తుంటే ఒక్కో అచ్చూ పంచసాగాడు. పంచేకొద్దీ ఆయన తట్ట కిందికి దిగుతూ పోయింది. తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ జేజేలు కొట్టకపోవడం చూసి ఆయనకు మతి పోయింది.

ఆఖరి అచ్చు అందుకున్న పోలమ్మ ఆకు విప్పి వాసన చూసింది.

"దొరా, ఇది మా ఇంటి బెల్లమే," అంది.

పద్యం చదువుతున్న పండితుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"చింతపండు కుండ పక్కన పెడతాను, ఆ పులుపు వాసన అంటుకుంది. పొద్దున్నే కొమ్మన్న బాబు వచ్చి బదులడిగితే ఇచ్చాను. ఇచ్చినప్పుడు నిండు అచ్చు దొరా. ఇప్పుడు దీనికి మూల లేదు."

తక్కినవాళ్ళూ గబగబా ఆకులు విప్పారు. అందరివీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ అచ్చులే. అన్నింటికీ మూలలు విరిగే ఉన్నాయి. ఊరందరి ముందూ ఇంత సిగ్గు ఆయన ఎన్నడూ పడలేదు.

"వాళ్ళ బెల్లమే నా చేత వాళ్ళకు దానం చేయించావా? ఎంత ధైర్యం నీకు?" అన్నాడు రాజుగారు.

"ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు ప్రభూ, తమరి దగ్గర నేర్చుకున్నదే," అన్నాడు కొమ్మన.

"మరి మూలలేమయ్యాయి?"

"నాగదత్తులవారి వాటా. బదులు తెచ్చాక వడ్డీ ఎవరికో ఒకరికి ముట్టాలి కదా."

అందరూ అతిథుల వరసలో నిలబడ్డ నాగదత్తుడి వైపు తిరిగారు. అతని పక్కన బుట్టెడు బెల్లం ముక్కలున్నాయి. మర్యాద చేశారనుకుని అతను అందులోంచే ఒకటి బుగ్గన పెట్టుకుని ఉన్నాడు.

కొమ్మన చేతులు జోడించాడు. "పన్ను తీసేశారు, సంతోషం. ఆ లోటు తమ ఖర్చు తగ్గించి పూడ్చలేదు, అప్పుతో పూడ్చారు. ఆ అప్పును ఉప్పు కొన్న ప్రతి ఇల్లూ తీరుస్తోంది, వడ్డీతో సహా. ఇక తూములు కూడా ఇస్తే నీళ్ళు కొని తీరుస్తుంది."

రాజుగారు పోలమ్మ వైపు చూశాడు. నిజమేనా అన్నట్టుంది ఆ చూపు.

"పన్ను ఉన్న రోజుల్లోనే రెండు పూటలా తిన్నాం దొరా," అంది పోలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

రాజుగారు చూపు దించుకున్నాడు. అప్పుడు గమనించాడు, రెండో తట్ట ఖాళీ అయి గాలిలో ఊగుతోంది, తాను కిరీటంతో సహా నేల మీద చతికిలబడి ఉన్నాడు. మొదట పెదవి కదిలింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే, అంబారీల బంగారమంతా గీకించి ఉప్పు మడులు విడిపించమని మంత్రికి ఆజ్ఞ ఇచ్చాడు. శాలువలు ఇకమీదట లేవని పండితులకు చెప్పాడు.

"నా కళ్ళు తెరిపించావు కొమ్మనా, ఇది నీకు," అంటూ మెడలోని రత్నహారం తీయబోయాడు.

నాగదత్తుడు సన్నగా దగ్గాడు. "ప్రభువులు మన్నించాలి. ఆ హారం మొదటి అప్పు పత్రంలోనే ఉంది."

రాజుగారు హారం వదిలేశాడు. ముద్ర వేసేముందు చదివే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. ఉంగరం చూపించాడు. అదీ ఉందన్నాడు నాగదత్తుడు. కిరీటం మీద చెయ్యి వేశాడు. నాగదత్తుడు తల దించుకున్నాడు.

"అయితే ఒంటి మీద నాదంటూ ఏమీ లేదన్నమాట," అన్నాడు రాజుగారు మెల్లగా. పళ్ళెంలో ముద్ర కోసం ఎదురుచూస్తున్న తూముల పత్రం ఆయన కంటబడింది. "ఈ తూములు మాత్రం ఇంకా నావేగా?"

"ముద్ర పడలేదు ప్రభూ," అన్నాడు కొమ్మన.

"ఉన్నది ఇదొక్కటే. ఇదే నీ బహుమానం," అని పత్రం తీసి అతని చేతిలో పెట్టాడు రాజుగారు.

కొమ్మన దాన్ని అక్కడికక్కడే నిలువునా చింపాడు. జనం కోట అదిరేలా జేజేలు కొట్టారు. నేల మీద కూర్చున్న రాజుగారు వాళ్ళతో కలిసి నవ్వుతూనే ఉన్నాడు. నాగదత్తుడొక్కడే బుగ్గనున్న బెల్లం ముక్కను మింగలేక, కక్కలేక అలాగే నిలబడిపోయాడు.