ఉప్పుమొగ కంచమ్మ: పరాయివారి పేరున మోగే కంచం

ఉప్పుమొగలో, ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుకదిబ్బ మీద కంచమ్మ తల్లి వెలసి ఉన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. నడుమ చిల్లిపడిన కంచు కంచానికే పసుపు కుంకుమలతో పూజ జరుగుతుంది. అది చూసి విస్తుపోయే భక్తుల కోసం ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ మంచు కమ్మిన ఉదయాన ఊరంతా ఒడ్డుకు వచ్చి కంచాలు మోగించేవారు. దారి కానరాని తెప్పలు ఆ మోత వైపు తిరిగి, ఏటి మొగ దగ్గరి రాళ్ళను తప్పించుకుని ఒడ్డు చేరేవి. తెప్ప ఎవరిదని ఎవరూ అడిగేవారు కారు. ఒక ఏడు చేపల పంపకంలో తగవు వచ్చింది. సర్దిచెప్పబోయిన పెద్దల మాట ఎవరూ లెక్కచేయలేదు. నాటి నుండి ఎవరి తెప్ప కోసం వారే కంచం పట్టసాగారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా జరిగినది ఇది.

మాఘమాసంలో ఒక ఉదయం దానయ్య తెప్ప తిరిగి రాలేదు. మిగిలినవన్నీ మంచు కమ్మకముందే ఒడ్డెక్కాయి. అతని భార్య కాసులమ్మ గడపగడపకూ పరుగెత్తింది. పొరుగింటి సూరప్పడిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది.

"మావా, ఒక్కపాలి కంచం అట్టుకుని రా. నానొక్కదాన్నే కొడితే కెరటాల హోరులో ఇనబడదు."

"మా తెప్ప ఒచ్చేసినాది కదమ్మా. మీవోళ్ళనడుగు" అని అతడు తలుపు వేసుకున్నాడు.

ఆమె ఒంటరిగా మధ్యాహ్నం దాకా కొట్టింది. కంచం చిల్లిపడింది గాని చెయ్యి ఆగలేదు. మంచు విడిచాక రాళ్ళ మధ్య తెప్ప కొయ్యలు కనబడ్డాయి. కేకవేస్తే వినబడే దూరంలోనే దానయ్య పోయాడు. కాసులమ్మ ఎవరినీ తిట్టలేదు, శపించలేదు. కంచాన్ని సూరప్పడి గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మూడవనాడు ఆమె సూరప్పడికి కలలో కనబడి, "మావా, నా కంచం దిబ్బ మీద ఎట్టు. పరాయోళ్ళ పేరు జెప్పి కొట్టండి, సాలు" అన్నది. అలా దిబ్బ మీద కంచమ్మగా వెలసిన ఆ తల్లికి సూరప్పడే తొలి పూజారి. ఈ పుస్తకం రాస్తున్న మేము ఆయన వంశం వారము.

నేటికీ ఈ గుడిలో గంట లేదు. భక్తులు కంచం మోగించి, తమకు చుట్టం కాని ఒకరి పేరు చెప్పి, వారు క్షేమంగా ఇల్లు చేరాలని మొక్కుతారు. అలా మొక్కినవారి ఇంట ఎవరూ దారి తప్పరని నమ్మకం. కంచం తెచ్చుకోకపోయినా ఫరవాలేదు, గుడిలో ఇస్తాము. పేరు మాత్రం మేము ఇవ్వలేము. మీ పక్కింటివారి పేరేమని అడిగితే ఈమధ్య చాలామంది నీళ్ళు నములుతున్నారు. మాకు చాలా బాధగా ఉంది. దయచేసి బయలుదేరే ముందు ఒకసారి ఆ తలుపు తట్టి, అడిగి రండి.