జొన్ని చెవులు చూసిన వైపు

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఈ కథలో వాళ్ళకు ఎండాకాలంలో ఊరే లేదు తల్లీ. కాపురమంతా ఏట్లోనే. ఏట్లో అంటే నీళ్ళలో అనుకునేవు. పెన్నేరు ఎండిపోతే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే కదా. ఆ ఇసుకలో పుచ్చపాదులు పెట్టి, పక్కనే చిన్న గుడిసె వేసుకుని మద్దమ్మ, ఆమె మొగుడు పుల్లన్న, వాళ్ళ కూతురు చెంచి ఉండేవాళ్ళు. చెంచికి నీ ఈడే. అన్నం దగ్గర మాత్రం నీ అంత పేచీ పెట్టేది కాదులే.

పొద్దున్నే మద్దమ్మ ఇసుకలో చెలమ తవ్వేది. చెలమ అంటే గుంట. చేతులతో ఇసుక తోడుకుంటూ పోతే అడుగున చల్లటి నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు కడవతో ముంచి పాదు పాదుకూ పోసేది.

ఒకరోజు ఆ చెలమ దగ్గరికి ఒక కుక్క వచ్చింది. సన్నటి ఒళ్ళు, నిలబడ్డ చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక. అచ్చం మన గడపలో పడుకునే రాగి లాంటిదే. మన వీధికుక్కలన్నీ ఆ వంశమే తల్లీ. మనిషి పొయ్యి రాజేసుకున్ననాడే పొగవాసన పట్టుకుని వచ్చి, ఇంత ఎడంగా కూర్చుని, వీళ్ళు మంచివాళ్ళా కాదా అని చూసిన జాతి అది. ఇప్పటికీ ముందు చూస్తుంది, ఆ తర్వాతే దగ్గరికొస్తుంది.

అది నీళ్ళు తాగింది. తాగి వెళ్ళిపోకుండా అక్కడే కూర్చుంది. జొన్నరొట్టె రంగులో ఉందని చెంచి దానికి జొన్ని అని పేరు పెట్టింది.

పుల్లన్నకు సంబరమైంది. కాయలు కొరికిపోయే నక్కలు రాకుండా ఇది కాపలా ఉంటుందనుకున్నాడు. మొదట దాన్ని తాడేసి గుంజకు కట్టాడు. జొన్ని తాడు కొరికేసి, అదే గుంజ పక్కన దర్జాగా పడుకుంది. అప్పుడు రొట్టెముక్క చూపించి రమ్మన్నాడు. వచ్చింది, తిన్నది, పోయింది. కడుపు నిండాక ఎంత పిలిచినా అతని వంక చూడనైనా లేదు. ఆ తర్వాత ఒకనాడు ఎలుక కోసం పాదు తవ్వేసిందని కోపమొచ్చి కట్టె తీసుకుని ఒక్కటిచ్చాడు. అంతే. ఆనాటి నుంచి జొన్ని అతని చెయ్యి అందేంత దూరంలోకి రాలేదు.

దీనికి బుర్ర లేదన్నాడు పుల్లన్న. బుర్ర ఉండబట్టే రాలేదు, ఆ సంగతి పాపం అతనికి తట్టలేదు.

మద్దమ్మ తీరు వేరు. రొట్టె పెట్టేటప్పుడు దాని కళ్ళలోకి గుచ్చి చూసేది కాదు. కింద పెట్టి, మొహం అటు తిప్పుకుని తన పని తను చేసుకునేది. అవసరం లేకుండా ఊరికే పిలిచేది కాదు, చెంచిని పిలవనిచ్చేది కాదు. నిన్నెవరైనా పనిలేకుండా పొద్దస్తమానం పిలుస్తుంటే నువ్వు మాత్రం పలుకుతావా? పలకవు. నాకు తెలుసుగా.

పాదుల మధ్య నీళ్ళు పోస్తూ నడిచేటప్పుడు జొన్ని కూడా వెంట నడిచేది. అది తీగ మీద కాలేస్తే మద్దమ్మ తిట్టేది కాదు. నడవడం ఆపేసి నిలబడేది. జొన్ని వెనక్కి చూసేది, ఈమె ఎందుకు ఆగిందబ్బా అని. అది మళ్ళీ దారిలోకి వస్తే మద్దమ్మ అడుగు వేసేది. అలా నిలబడీ నిలబడీ ఆమె నడుం నొప్పి పుట్టింది గానీ, కాయలు గుండ్రంగా ఎదిగే వేళకు జొన్ని ఒక్క తీగ తొక్కకుండా పాదులన్నీ చుట్టి వచ్చేది. నక్క కంటబడితే ఏటి అవతలి దాకా తరిమేది. రోజూ పొద్దున ఊరిన చెలమలో మొదటి గుక్క అది తాగాకే మద్దమ్మ కడవ ముంచేది.

ఇంత జరిగినా పుల్లన్న మనసు కుదుటపడలేదు. పెళ్ళాం వెంట నడుస్తుంది, కూతురి పక్కన పడుకుంటుంది, తను పిలిస్తే మాత్రం దూరంగా నిలబడి చూస్తుంది. మగవాడికి అది తలవంపులుగా ఉండదూ? కాయలు పండాయి. సంతకు తీసుకుపోవడానికి బండి వస్తోంది. ఆ బండిలోనే జొన్నిని గోతంలో వేసుకుపోయి సంతలో వదిలేస్తానన్నాడు. చెంచి ఏడ్చింది. మద్దమ్మ వద్దని చెప్పి చూసింది. పుల్లన్న వినలేదు.

బండి వచ్చే రోజు పొద్దున్నే చెలమ దగ్గరికి వెళ్ళిన జొన్ని నీళ్ళు తాగలేదు. వాసన చూసి వెనక్కి తగ్గింది. గుడిసె చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ తర్వాత ఒక్క పరుగున ఒడ్డెక్కి నిలబడింది.

పుల్లన్న చేతిలో తాడుంది. ముందు రొట్టె చూపించి పిలిచాడు. రాలేదు. తాడు వెనక దాచుకుని బుజ్జగించి పిలిచాడు. రాలేదు. అప్పుడు కట్టె ఎత్తి గదమాయించాడు. జొన్ని కదల్లేదు సరికదా, వాళ్ళను చూసి గట్టిగా మొరిగింది. చీటికి మాటికి మొరిగే రకం కాదది.

"నువ్వు పిలువు మద్దమ్మా, నువ్వు పిలిస్తే వస్తది" అన్నాడు పుల్లన్న.

మద్దమ్మ నోరు తెరిచింది. అంతలోనే ఆగింది. ఎప్పుడూ తను ఆగితే జొన్ని తనను చూసేది కదా, ఇవాళ జొన్ని ఆగింది. అందుకని తను జొన్నిని చూసింది. దాని కళ్ళు తాడు మీద లేవు. కట్టె మీద లేవు. రెండు చెవులూ ఏటి ఎగువకు తిరిగి ఉన్నాయి.

మద్దమ్మ చెలమ దగ్గరికి వెళ్ళి చూసింది. రోజూ అడుగున ఊరే నీళ్ళు ఇవాళ అంచు దాకా వచ్చి ఉన్నాయి. అవీ ఎర్రగా ఉన్నాయి.

"అది రాదయ్యా. మనమే దాని దగ్గరికి పోవల్ల. పా" అంది.

చక్కగా ఎండ కాస్తోంది, మబ్బు తునక లేదు, కాయలు కోతకొచ్చి ఉన్నాయి, ఎట్లా వదిలి వచ్చేదని పుల్లన్న మొత్తుకున్నాడు. మద్దమ్మ చెంచిని చంకనేసుకుని ఒడ్డువైపు నడిచింది. ఆమె నడిస్తే జొన్ని మొరగడం ఆపింది. పుల్లన్న తిట్టుకుంటూనే వెనకాల వచ్చాడు. దారిలో తమలాగే ఏట్లో పాదులు పెట్టుకున్న పక్క గుడిసెల వాళ్ళను కూడా కేకేసుకుంటూ వచ్చాడు, అది మాత్రం మెచ్చుకోవాలి.

వాళ్ళు ఒడ్డెక్కారో లేదో, ఎగువన ఎక్కడో కురిసిన వాన ఏరై వచ్చింది. ఎర్రటి నీళ్ళు ఇసుకంతా పరుచుకుంటూ వచ్చి ముందు చెలమను ముంచాయి. ఆ తర్వాత పాదులను. ఆ తర్వాత గుడిసెను. పండిన పుచ్చకాయలు నీళ్ళ మీద దొర్లుకుంటూ వెళ్ళిపోయాయి. మనుషులంతా మాత్రం ఒడ్డున ఉన్నారు.

పుల్లన్న చాలాసేపు ఆ నీళ్ళను చూస్తూ నిలబడ్డాడు. చేతిలో తాడు ఇంకా ఉంది. దాన్ని ఏట్లోకి విసిరేశాడు. జొన్నికి కొంచెం ఎడంగా కింద కూర్చుని, మొహం అటు తిప్పుకున్నాడు. అదేం పనో నీకు తెలుసుగా, మద్దమ్మను చూసి నేర్చిందే.

"నిన్ను కొట్టినా. ఈ పొద్దు నిన్ను వదిలేసి రావల్లనుకున్నా. అయినా నువ్వు మమ్మల్ని వదల్లేదు" అన్నాడు.

జొన్ని వెంటనే రాలేదు. కూర్చుని చూసింది. లేచి, మళ్ళీ కూర్చుంది. చివరికి నెమ్మదిగా వచ్చి తన వీపు అతని వీపుకు ఆనించి కూర్చుంది. పుల్లన్న కదల్లేదు. కళ్ళనీళ్ళు కూడా తుడుచుకోలేదు, కదిలితే లేచిపోతుందేమోనని.

ఆ ఏడు వాళ్ళు కూలికి పోయి బతికారు. మరుసటి ఎండాకాలం మళ్ళీ ఇసుకలో పాదులు పెట్టారు. తొలి కాయ కోస్తే ఒక ముక్క ఏటికి ఇవ్వడం ఆ ఇసుకసాగు వాళ్ళ ఆనవాయితీ. పుల్లన్న కాయ కోసి, ఒక ముక్క ఏటికిచ్చాడు. రెండో ముక్క జొన్ని ముందు పెట్టాడు. ఆ తర్వాతే చెంచికి ఇచ్చాడు. ఆ ఒడ్డున ఎవరూ అదేమని అడగలేదు. వాళ్ళు కూడా అలాగే పెట్టారు.

ఏంటీ, నిద్ర రాలేదా? మన రాగి పక్కింటి తెల్లకుక్కలాగా ముందుకాలు ఎత్తి చెయ్యివ్వదని, పిలిస్తే రాదని, దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని పొద్దున గోల చేశావు కదూ. చెయ్యివ్వకపోతే ఏమైంది బంగారం? చూడు, మనం మాట్లాడుకుంటుంటే గడపలో పడుకుని ఒక చెవి మనవైపు పెట్టింది, ఇంకొకటి వీధివైపు పెట్టింది. మనకోసమే ఆ రెండో చెవి. అలాంటిది మన గడప ఎంచుకుని వచ్చిందంటే మనం దానికి రుణపడి ఉండాలి. రేపు పొద్దున ముద్ద పెట్టి, నువ్వు అటు తిరిగి కూర్చో. వస్తే వస్తుంది. రాకపోతే ఎల్లుండి కూర్చో.

ఇచ్చేద్దామా మరి? అలా తల అడ్డంగా ఊపితే చీకట్లో నాకేం కనిపిస్తుందే, నోటితో చెప్పు. వద్దా? సరే అయితే, కళ్ళు మూసుకో.

కాయ సంతకు, ఏరు కడలికి,
కథ కంచికి, కునుకు కంటికి,
మనం ఇంటికి, రాగి మన గడపకి.