పదకొండో రోజు కుండ

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మునిలక్ష్మమ్మకు ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పదు, చేతికి పని చెబుతుంది. పనయ్యేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే మళ్లీ పని. ఆమె దగ్గర పన్నెండేళ్లుగా ఉంటున్న వనజాక్షికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఉదయం అడగకుండా ఉండలేకపోయింది.

అడగక ఏం చేస్తుంది? గంగావతరణం వస్త్రం మీద మొహాలన్నీ వనజాక్షే గీయాలని, మూలన ఆమె పేరే ఉండాలని గురువు తేల్చి చెప్పింది. ఇన్నేళ్లలో అది మొదటిసారి. సరిగ్గా అప్పుడే ఒళ్లు మొండికేసింది. ఆరునెలలుగా మత్తు, చలి, పని మధ్యలో బట్ట మీదే కునుకు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ అని తేల్చి, పొద్దున్నే పరగడుపున వేసుకొమ్మని మాత్ర రాసింది. మొదలుపెట్టి పదకొండు రోజులయింది. మత్తు పోలేదు సరికదా గుండె దడ, చెమటలు, నిద్రలేమి వచ్చిపడ్డాయి. అన్నిటికీ మించి చెయ్యి వణుకు. వణికే చేత్తో గంగమ్మ కళ్లు ఎవరు గీస్తారు?

"గురువమ్మా, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. రేపటి నుంచి మాత్ర మానేస్తాను. బాగుచేసే మందైతే ముందు ఇట్లా పాడుచేస్తుందా?"

మునిలక్ష్మమ్మ లేచి మూలనున్న కసిమి కుండ తెచ్చి ముందు పెట్టింది. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసే నల్ల సిరా అది, ఇరవై ఒక్క రోజులకు గానీ అక్కరకు రాదు. ఊరేసింది వనజాక్షే. దానికీ ఆ రోజు పదకొండో రోజే. మూత తీస్తే నురుగు, ముక్కు పగిలే వాసన. పేలిక మీద ఒక గీత గియ్యమంది గురువు. గీత బూడిదరంగులో చెదిరింది, పైగా వంకరపోయింది.

"పనికిరాదు. పారబొయ్యి."

వనజాక్షి రెండు చేతులూ కుండకు అడ్డం పెట్టింది. "ఇంకా పది రోజులుందమ్మా. ఇప్పుడు పారబోస్తే ఎట్లా?"

"పొంగు మరీ ఎక్కువైతే?"

"మీకు చూపిస్తాను. ఎప్పుడూ చేసేది అదే కదా."

"మరి ఈ కుండ ఎవరికి చూపించావు?" అంటూ గురువు ఆమె గుండె వైపు వేలు చూపింది.

వనజాక్షి సిగ్గుపడి ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమె గుండె పరీక్షించి, మోతాదు తగ్గించి, మాత్ర మాత్రం మానొద్దంది. ఆరు వారాలకు మళ్లీ రక్తం చూసి, కావాలంటే కొద్దికొద్దిగా పెంచుదామంది. ఇక్కడ మునిలక్ష్మమ్మ వస్త్రం అడిగినాయనకు రెండు నెలలు ఆగమని కబురు పెట్టింది. ఆగలేకపోతే వేరేచోట వేయించుకోమనీ చెప్పించింది. ఆమె పొగరు అట్లాంటిది.

మెల్లగా దడ తగ్గింది, నిద్ర పట్టింది, మత్తు విడిచింది. చెయ్యి కుదురుకున్నాక వనజాక్షి అదే కుండలో సిరాతో గంగమ్మ కళ్లు గీసింది. గురువు వెనకే నిలబడి చూసింది. మెచ్చుకోలేదు గానీ ఆ మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది.

వస్త్రం తీసుకోవడానికి వచ్చినాయన ఆ కళ్ల దగ్గరే ఆగిపోయాడు. "ఎక్కడా తొణకలేదు. ఇంత నిబ్బరం మీ చేతికే సాధ్యమమ్మా" అన్నాడు.

మునిలక్ష్మమ్మ మూలనున్న పేరు మీద వేలు పెట్టింది. గొంతులో గర్వం దాచుకోలేదు.

"నాది కాదు నాయనా. నా చెయ్యి ఎన్నడూ వణకలేదు. వణకని చేతికి ఇంత గీత రాదు."